చవక ఫోనులో పూర్తిచేసి చూశాకే ఆమోదించండి: బెంగళూరులో వెబ్‌సైట్లు తయారుచేసే తెలుగువారికి బహిరంగ లేఖ

బెంగళూరులోని సంస్థల్లో వెబ్‌సైట్లకు రూపమిచ్చే డిజైనర్లకు, వాటిని నిర్మించే ఇంజనీర్లకు, పని పూర్తయిందని ఆమోదముద్ర వేసే మేనేజర్లకు నమస్కారం.

ఈ నగరంలో మన భాష మాట్లాడే మీ అందరినీ ఉద్దేశించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేనూ మీ వృత్తికి చెందినవాడినే. వెబ్‌సైట్లను విడుదలకు ముందు పరీక్షించే పనిలో ఉన్నాను. నా విన్నపం ఒక్కటే. ఏ పేజీనైనా, ముఖ్యంగా జనం తమ పేరు, ఊరు, డబ్బు వివరాలు రాయవలసిన ఏ ఫారాన్నైనా, పది వేల రూపాయల లోపు ధర ఉన్న ఆండ్రాయిడ్ ఫోనులో, ఆఫీసు వైఫై మీద కాకుండా మొబైల్ డేటా మీద, మొదటి గడి నుంచి చివరి రసీదు దాకా ఒక మనిషి పూర్తిచేసి చూపించేంతవరకు అది అయిపోయిందని ఒప్పుకోవద్దు. లాప్‌టాప్ మీద ఎంత అందంగా కనిపించినా, మీటింగు గదిలోని పెద్ద తెర మీద అందరికీ నచ్చినా, ఆ పరీక్ష జరగకపోతే పని మిగిలే ఉందని మీ బృందాల్లో నియమం పెట్టండి.

బెంగళూరు తెలుగువారిని ప్రత్యేకంగా ఎందుకు అడుగుతున్నానంటే, మనం తయారుచేసేవాటిని వాడేవాళ్లు మన పక్కనే ఉన్నారు. వైట్‌ఫీల్డు, సర్జాపుర రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీల్లో లేస్తున్న భవనాల దగ్గర అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మేస్త్రీలు, కూలీలు పనిచేస్తున్నారు. మారతహళ్లి పీజీల్లో (పేయింగ్ గెస్ట్ వసతుల్లో) వంట చేసేవారిలో, అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర కాపలా కాసేవారిలో, ఐటీ పార్కుల్లో మనం కూర్చునే అంతస్తులను శుభ్రం చేసేవారిలో మన ఊళ్లవాళ్లు ఎందరో ఉన్నారు. పెద్ద జబ్బులకు వైద్యం కోసం రాయలసీమ నుంచి రైలెక్కి వచ్చే కుటుంబాలున్నాయి. ఆస్పత్రి అపాయింట్‌మెంటు, కరెంటు బిల్లు, రైలు టికెట్టు, పిల్లల స్కాలర్‌షిప్పు దరఖాస్తు, పీఎఫ్ నిల్వ, ఊళ్లోని పొలం వివరాలు, ఇవన్నీ ఇప్పుడు సైట్ల గుండానే జరగాలి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరలు ఒక్కసారిగా పడిపోయాక ఇంటర్నెట్టులోకి అడుగుపెట్టిన ఈ జనంలో చాలామంది మౌసును ఒక్కసారి కూడా పట్టుకోలేదు. మనం ‘మొబైల్ వెర్షన్’ అని ఒక పక్కన పెట్టుకునేదే వాళ్లకు మొత్తం సైటు.

ఫోనుకు సరిపడే సైటు ఎలా కట్టాలో తెలియక ఈ ఇబ్బంది రావడం లేదు. 2007లో తొలి ఐఫోను వచ్చినప్పుడు అందులోని బ్రౌజరు ప్రతి సైటునూ 980 పిక్సెళ్ల వెడల్పున్న పేజీగా భావించి, దానినంతా కుదించి చిన్న తెరలో చూపేది. పేజీ తలభాగంలో వ్యూపోర్టును (పేజీని ఎంత వెడల్పులో చూపాలో) తెలిపే ఒక్క పంక్తి రాస్తే ఆ కుదింపు ఆగుతుందని ఆ రోజుల్లోనే తేలింది. 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ అనే అమెరికా డిజైనరు, కొలతలను శాతాల్లో చెప్పే గళ్ల అమరిక (గ్రిడ్), చోటును బట్టి ఒదిగే బొమ్మలు, తెర వెడల్పును బట్టి అమరికను మార్చే మీడియా క్వెరీలు అనే మూడింటినీ కలిపి రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టి వివరించారు. 2015 ఏప్రిల్ నుంచి గూగుల్ ఫోనులో చేసే వెతుకులాటలో ఫోనుకు అనుకూలమైన పేజీలకు ప్రాధాన్యం ఇచ్చింది. సైట్లను ముందుగా వాటి ఫోను రూపంలోనే చదివి సూచికలో చేర్చుకునే మార్పు పూర్తయినట్టు 2023 అక్టోబరులో ప్రకటించింది. ఇన్నేళ్లుగా పద్ధతులు చేతిలోనే ఉన్నాయి, సాధనాలు ఉచితంగా దొరుకుతున్నాయి. అయినా పేజీలు ఫోనులో మొరాయిస్తూనే ఉన్నాయంటే, లోపం మన పరిజ్ఞానంలో కాదు, మనం ఆమోదం తెలిపే చోట ఉందని నా నమ్మకం.

ఆ చోటు ఎలా ఉంటుందో మీకు తెలుసు. డిజైను 1440 పిక్సెళ్ల వెడల్పులో తయారవుతుంది. ఫోనులో ఎలా కనిపించాలో గీసే బొమ్మ ఆ తర్వాత, గడువు దగ్గరపడ్డాక వస్తుంది. ఇంజనీరు రెండు మానిటర్ల ముందు కూర్చుని రాస్తాడు. స్ప్రింటు (ఒకటి రెండు వారాల పని విడత) చివర డెమో ప్రొజెక్టరు మీద జరుగుతుంది. ‘మొబైల్‌లో చూశారా?’ అని ఎవరైనా అడిగితే బ్రౌజరు విండోను ఇరుకుచేసి చూపించి, సరిపోయిందని రాసుకుంటారు. విండోను ఇరుకుచేస్తే తెలిసేది వెడల్పు మాత్రమే. చవక ఫోనులోని ప్రాసెసరు పేజీని నడిపే కోడైన జావాస్క్రిప్టును ఎంత నెమ్మదిగా అర్థం చేసుకుంటుందో, కీబోర్డు పైకి లేస్తే తెరలో మిగిలేది ఎంతో, సిమెంటు దుమ్ము పట్టిన వేలికి తెర మీది చిన్న గుర్తు అందుతుందో లేదో, మిట్టమధ్యాహ్నం ఎండలో లేత బూడిదరంగు అక్షరాలు కనిపిస్తాయో లేదో అది చెప్పదు. క్రోమ్‌లోని ఫోను తెరను అనుకరించే డివైస్ మోడ్, పేజీ వేగాన్ని కొలిచే లైట్‌హౌస్ నివేదిక పనికొచ్చే సాధనాలే. నేను రోజూ వాడతాను. కానీ అవి మన లాప్‌టాప్ లోపలే నడుస్తాయి, మన లాప్‌టాప్ చాలా బలమైనది.

ఫారాల గురించి కొంచెం ఎక్కువగా రాయాలి, ఎందుకంటే జనం ఓడిపోయేది అక్కడే. గడి మీద వేలు పెట్టగానే కీబోర్డు వచ్చి తెరలో దాదాపు సగాన్ని ఆక్రమిస్తుంది. ‘తర్వాత’ అనే బటను దాని వెనక్కి పోతుంది. తప్పేదైనా జరిగితే ఎర్ర అక్షరాల సందేశం పేజీ పైభాగాన వస్తుంది. నింపుతున్న మనిషి కిందెక్కడో ఉంటాడు, అతనికి కనిపించేది ఏమీ జరగకపోవడమే. బటను చెడిపోయిందనుకుని మళ్లీ మళ్లీ నొక్కుతాడు. ఫోను నంబరు గడికి అంకెల కీబోర్డు రావాలని కోడులో ఒక్క మాట రాయకపోవడం వల్ల అక్షరాల కీబోర్డే వస్తుంది. ఐఫోనులోనైతే గడిలోని అక్షరం 16 పిక్సెళ్లకన్నా చిన్నదైతే బ్రౌజరు పేజీని దానంతట అదే పెద్దది చేస్తుంది, ఆపైన అటూ ఇటూ జరుపుకుంటూ నింపాలి. పుట్టిన తేదీకి క్యాలెండరు పెడతారు; 1961లో పుట్టిన మనిషి ఒక్కొక్క నెలా వెనక్కి నొక్కుతూ ఎంతసేపు కూర్చోవాలి? రోజు, నెల, సంవత్సరం అని మూడు గళ్లు ఇస్తే నాలుగు క్షణాల్లో తేలిపోయే పని అది.

ఓటీపీ దగ్గర జరిగేది ఇంకా కష్టం. అంకెలు చూడడానికి మనిషి మెసేజీల్లోకి వెళ్లి వస్తాడు. మెమరీ తక్కువున్న ఫోను ఆ కాస్త వ్యవధిలో బ్రౌజరులోని పేజీని వదిలేస్తుంది; తిరిగి వచ్చేసరికి పేజీ మొదటి నుంచి తెరుచుకుంటుంది, నింపినదంతా పోతుంది. మన దగ్గరున్న ఖరీదైన ఫోన్లలో ఇది జరగదు కాబట్టి మనకు తెలియనే తెలియదు. నింపిన వివరాలను అడుగడుగునా దాచిపెట్టడం, ఓటీపీ గడికి తగిన ఆటోకంప్లీట్ గుర్తు (ఈ గడిలో ఏం నింపాలో బ్రౌజరుకు చెప్పే మాట) ఇచ్చి అంకెలు కీబోర్డు మీదే సూచనగా వచ్చేలా చూడడం, గడువు ముగిసేముందు హెచ్చరించడం, ఇవి ఏ బృందానికైనా ఒక స్ప్రింటులో పట్టే పనులు.

ఫొటో సంగతి చూడండి. 50 కేబీ మించకూడదని సైటు రాస్తుంది. ఫోను కెమెరా తీసే ఫొటో రెండు మూడు ఎంబీలు ఉంటుంది. దాన్ని ఎలా తగ్గించాలో సైటు చెప్పదు. కూతురి కాలేజీ దరఖాస్తుకు ఫొటో ఎక్కించలేక, పని మానుకుని జిరాక్సు షాపు ముందు నిలబడ్డ ఒక మేస్త్రీని కె.ఆర్.పురంలో చూశాను. షాపతను యాభై రూపాయలు తీసుకుని రెండు నిమిషాల్లో పని ముగించాడు. అతని తప్పేమీ లేదు, అతను లేకపోతే ఆ దరఖాస్తే లేదు. కానీ ఆ రెండు నిమిషాల కోసం ఆ తండ్రి తన ఆధార్ నంబరు, కూతురి మార్కుల వివరాలు, తన ఫోనుకు వచ్చిన ఓటీపీ అన్నీ కౌంటరు మీదుగా గట్టిగా చదివి వినిపించాడు. ఫొటోను బ్రౌజరులోనే కుదించి పంపడం మనకు కొన్ని పంక్తుల కోడు. ఆ పంక్తులు రాయనందువల్ల ఒక కుటుంబం రహస్యంగా ఉంచుకోవలసినవన్నీ బయటపెట్టుకోవలసి వస్తోంది. భద్రత గురించి మనం పెట్టుకునే సమావేశాల్లో ఈ దారి గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తోంది.

మన లిపి విషయానికి వస్తే, ఇంగ్లీషు కొలతలతో గీసిన పెట్టెలో తెలుగును పోస్తున్నాం. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ వంటి మాటల్లో ఒత్తులు గీతకు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. పంక్తుల మధ్య ఎడం ఇంగ్లీషుకు సరిపోయినంతే ఇస్తే ఒత్తు కింది పంక్తి మీద పడుతుంది. బటను ఎత్తు బిగించి ఉంటే ఒత్తు తెగిపోతుంది, మాట మారిపోతుంది. అక్షరం కొలతకు 1.6 రెట్ల దగ్గర ఎడం ఉంచితే తెలుగు హాయిగా చదువుకోవచ్చునని నా అనుభవం. ఇంగ్లీషులో ‘సబ్మిట్’ పట్టే బటనులో ‘దరఖాస్తు సమర్పించండి’ పట్టదు. పట్టకపోతే రెండు పంక్తులు కానివ్వాలి గాని చివర మూడు చుక్కలు పెట్టి కోసేయకూడదు. కన్నడానికీ ఒత్తులు కిందికే వస్తాయి కాబట్టి ఈ ఊరి జనం కోసం కన్నడంలో చేసే ప్రతి పేజీకీ ఇవే సవరణలు కావాలి; ఒక లిపికి సరిచేస్తే రెండో దానికి చాలావరకు సరిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ఫాంటు సాధారణంగా ముందే ఉంటుంది. సంయుక్తాక్షరాల వల్ల తెలుగు ఫాంటు ఫైళ్లు బరువుగా ఉంటాయి గనుక, అందం కోసం ఇంకొకటి దింపించేముందు అది అవసరమా అని ఆలోచించండి. అన్నిటికన్నా ముఖ్యంగా, సమాచారాన్ని బొమ్మగానో, యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో (తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల సంకేతాలతో దాచేవి) చేసిన పీడీఎఫ్‌గానో పెట్టకండి. అలాంటి పీడీఎఫ్ ఫోను తెరలో ఒదగదు, వెతికితే దొరకదు, చూపు లేనివారికి చదివి వినిపించే సాఫ్టువేరుకు అందులో ఉన్నది తెలుగని కూడా తెలియదు.

మన లిపిలో పరీక్షించకపోతే ఏమవుతుందో ప్రపంచమంతా ఒకసారి చూసింది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరం సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి దాన్ని సరిదిద్దుకుంది. అంత పెద్ద సంస్థలోనే కంటపడకుండా జారిపోయినది మన దగ్గర జారిపోదని అనుకోలేం.

పేజీ బరువు గురించి ఒక లెక్క. చాలా రీఛార్జి ప్లాన్లలో రోజువారీ డేటా అయిపోయాక వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంలో 2 ఎంబీల పేజీ దిగడానికి 250 సెకన్లు, అంటే నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది. పేజీలోని ముఖ్యభాగం 2.5 సెకన్లలో కనిపించాలని, నొక్కిన దానికి 200 మిల్లీసెకన్లలో స్పందన రావాలని గూగుల్ చెప్పే కోర్ వెబ్ వైటల్స్ కొలతలు మీకు తెలియనివి కావు. ముందు పేజీలో కదిలే నాలుగు బ్యానర్లకు, ఎవరూ చూడని నేపథ్య వీడియోకు, అవసరం తీరిపోయినా తీసేయని లైబ్రరీలకు (సిద్ధంగా దొరికే కోడు మూటలకు), మార్కెటింగ్ విభాగం ఒక్కొక్కటిగా చేర్పించిన స్క్రిప్టులకు అయ్యే ఖర్చును కూలి డబ్బుతో రీఛార్జి చేయించుకున్న మనిషి భరిస్తున్నాడు. బొమ్మలు ఆలస్యంగా వచ్చి పేజీ కిందికి జరిగినప్పుడు ‘రద్దు’ మీద పడాల్సిన వేలు ‘చెల్లించు’ మీద పడడం నేను పరీక్షల్లో మళ్లీ మళ్లీ చూశాను. బొమ్మకు వెడల్పు, ఎత్తు ముందే రాసిపెడితే ఆ జరుగుడు ఉండదు.

‘మా యాప్ ఉంది కదా’ అని కొందరు మిత్రులు అంటారు. రోజూ వాడే సేవకు యాప్ ఉండడం మంచిదే. నిల్వ నిండిపోయిన ఫోనులో, జీవితంలో ఒక్కసారి వెళ్లే ఆస్పత్రి కోసమో, ఏడాదికి ఒక్కసారి చేసే దరఖాస్తు కోసమో, పిల్లల ఫొటోలు చెరిపేసి యాప్ ఎక్కించుకోమనడం న్యాయం కాదు. సైటు తెరవగానే తెరంతా కమ్మేసే ‘యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి’ అనే పెట్టెను, దాని మూలన కంటికి ఆనని మూసివేత గుర్తును దయచేసి తీసేయండి. వేలితో నొక్కే గుర్తు కనీసం 24 పిక్సెళ్ల చదరమంత ఉండాలని వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ 2023 అక్టోబరులో వెలువరించిన సౌలభ్య మార్గదర్శకాలు 2.2 చెబుతున్నాయి. నన్నడిగితే అది కూడా చాలదు. ఆపిల్ తన డిజైనర్లకు చెప్పే 44, గూగుల్ ఆండ్రాయిడ్‌కు చెప్పే 48 కొలతలే బొటనవేలికి న్యాయం చేస్తాయి.

‘అలాంటి ఫోన్లు మా గణాంకాల్లో పెద్దగా కనిపించవు’ అని ఇంకొందరు అంటారు. ఈ మాట మీద చాలా నిర్ణయాలు జరుగుతున్నాయి కాబట్టి జాగ్రత్తగా ఆలోచించమని కోరుతున్నాను. సందర్శకులను లెక్కించే స్క్రిప్టు కూడా పేజీతోపాటే దిగాలి. అది దిగేలోపే విసిగి వెళ్లిపోయినవాడు లెక్కలోకి రాడు. జిరాక్సు షాపు కంప్యూటరు నుంచి చేసిన దరఖాస్తు డెస్క్‌టాప్ వినియోగంగా నమోదవుతుంది. అలా మన వైఫల్యమే మన అంకెల్లో డెస్క్‌టాప్‌కు ఆదరణగా కనిపిస్తుంది.

ఇందులో దయాదాక్షిణ్యాల ప్రసక్తి లేదని కూడా గుర్తుచేయాలి. ప్రభుత్వ సైట్ల కోసం 2009లో మొదలైన మార్గదర్శకాలకు 2023లో మూడవ రూపం వచ్చింది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 నుంచి ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, ఫోనులో జరిపే కేవైసీని పూర్తిచేయలేకపోయిన యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు వేసిన పిటిషన్లలో, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ప్రభుత్వ సైట్లు కట్టే కాంట్రాక్టులు తీసుకునే సంస్థలు బెంగళూరులో ఎన్నో ఉన్నాయి. డిజైను చెదిరిపోతుందన్న భయంతో జూమ్ చేయడాన్ని ఆపేసే పంక్తిని వ్యూపోర్టులో రాసే అలవాటు ఇంకా మనలో ఉంది. అరవై దాటిన మనిషి అక్షరాన్ని పెద్దది చేసుకోకుండా అడ్డుపడే ఆ పంక్తి మీ కోడులో ఎక్కడున్నా ఈ వారమే తొలగించండి. 320 పిక్సెళ్ల వెడల్పులో కూడా పేజీని అడ్డంగా జరపకుండా చదవగలగాలని 2018 నాటి డబ్ల్యూ3సీ 2.1 మార్గదర్శకాలే చెప్పాయి.

ఇక నియమాన్ని ఎలా అమలు చేయాలి? ప్రతి బృందానికి ఒక చవక ఫోను కొనండి. మానిటరు ఖరీదుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. అందులో మామూలు సిమ్ వేయండి, ఆఫీసు వైఫై పాస్‌వర్డు ఇవ్వకండి, భాషను తెలుగుకు గాని కన్నడానికి గాని మార్చి ఉంచండి, అక్షరాల కొలతను పెద్దదిగా పెట్టండి. డిజైను 360 పిక్సెళ్ల వెడల్పులో మొదలుపెట్టి తర్వాత పెంచుకుంటూ పోవాలి. చిన్న తెరలో చోటు లేని వస్తువు పెద్ద తెరకు మాత్రం ఎందుకు కావాలో అప్పుడు తనంతట తానే ప్రశ్నగా నిలబడుతుంది. డెమోలో ప్రొజెక్టరు మీద చూపవలసింది ఆ ఫోను తెరనే. క్లయింటుతో రాసుకునే ఒప్పందంలో, బృందం పెట్టుకున్న ‘డెఫినిషన్ ఆఫ్ డన్’ (పని పూర్తయిందనడానికి షరతులు) జాబితాలో ఈ షరతు మొదటి వరుసలో ఉండాలి, ఎందుకంటే గడువు ముంచుకొచ్చినప్పుడు చివరి వరుసలో ఉన్నవే కొట్టివేతకు గురవుతాయి.

ఆ ఫోనును మనమే కాకుండా ఇతరుల చేతికీ ఇవ్వండి. మన భవనంలోనే పనిచేసే సెక్యూరిటీ వారిని, హౌస్‌కీపింగ్ అక్కలను, క్యాంటీను వారిని వారి పై అధికారి అనుమతితో, వారి ఇష్టంతో, వారి సమయానికి తగిన డబ్బు చెల్లించి కూర్చోబెట్టండి. నిజమైన ఆధార్ నంబరో, బ్యాంకు వివరాలో వాడనివ్వకండి. పరీక్ష కోసం తయారుచేసిన వివరాలే ఇవ్వండి. పరీక్షిస్తున్నది పేజీనే గాని వారిని కాదని ముందే చెప్పండి. వాళ్లు తడబడినప్పుడు ‘అక్కడ నొక్కండన్నా’ అని చెప్పాలని నోటిదాకా వస్తుంది, ఆగండి. రాసిన ఇంజనీరు, గీసిన డిజైనరు, ఆమోదించే మేనేజరు ముగ్గురూ ఆ గదిలో ఉండాలి. నివేదికలో ‘మొబైల్ సమస్య, తక్కువ ప్రాధాన్యం’ అని నేను రాస్తే కదలని బృందాలు, పీజీలో వంటచేసే ఒక అక్క తన పేరు గడిలో రాయలేక ఫోను తిరిగిచ్చేయడం చూసి ఆ సాయంత్రమే సవరణ మొదలుపెట్టాయి.

మొదట లాగిన్, ఓటీపీ పేజీలను పరీక్షకు తీసుకోండి, ఆపైన డబ్బు చెల్లించే పేజీ, ఆపైన ఫొటోలు ఎక్కించే పేజీ. ఈ మూడూ చవక ఫోనులో గట్టెక్కితే మిగతా సైటులో చేయవలసింది ఏమిటో మీకే తెలుస్తుంది. ఈ పరీక్ష ఎలా జరపాలో చూపించమని మీ బృందాల్లో ఎవరు అడిగినా, శనివారాల్లో నా ఫోను తీసుకుని మీ ఆఫీసుకు రావడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
వెబ్‌సైట్ల పరీక్షల విభాగంలో పనిచేసే ఒక తెలుగు ఉద్యోగి,
మహదేవపుర, బెంగళూరు